గంటకోసారి

మంచం తలాపున వేలాడే చిన్న పలక మీద ‘2’ అని రాసి, సుద్దముక్క జేబులో వేసుకుని, కొత్తమ్మాయి వైపు తిరిగాను.

“ఈవిడకి ఇది రెండో కాన్పు. గంటకోసారి వచ్చి చూస్తే చాలు.”

“మాకు కాలేజీలో అరగంటకోసారి చూడాలని చెప్పారు సిస్టర్.”

“చెప్పినావిడ ఏడు మంచాలకి ఇద్దరు నర్సులతో ఒక్క పూట గడిపి ఉంటే ఆ మాట చెప్పేది కాదు.”

ఆయా పకపకా నవ్వింది. నొప్పులు పడుతున్నావిడ కూడా పళ్లబిగువున నవ్వింది. కొత్తమ్మాయి నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ‘రెండో కాన్పు, గంటకోసారి’ అని రాసుకుంది. ఏది చెప్పినా రాసుకునే రకం. నర్సుగా మా వార్డులో చేరి అప్పటికి పదకొండు రోజులు.

ఆ వేసవి అలా మొదలైంది. నాకప్పుడు ఎనిమిదో నెల నిండుతోంది.

ప్రసూతి వార్డులో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. అందులో ఆరేళ్లు పెద్ద సిస్టర్ని. నా వెనకాల నన్ను ‘హెడ్మాస్టరు’ అంటారని తెలుసు. తెలియనట్టే ఉండేదాన్ని, ఎందుకంటే ఆ పేరు నాకు నచ్చింది. పలక మీద అంకె వేసే పద్ధతి కూడా నాదే. నాలుగేళ్ల కిందట ఒకరోజు రెండో కాన్పుకి వచ్చినావిడ గొంతు చించుకుని అరుస్తుంటే, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయాను. ఆ పక్క మంచంలో తొలి కాన్పు పిల్ల నోరెత్తకుండా పడుకుని ఉంది. చూసేసరికి ఫిట్స్. అరిచినావిడకి ఏమీ కాలేదు. అరవని పిల్ల వెంట్రుకవాసిలో బతికింది. మర్నాడే పలకలు తెప్పించాను. ‘1’ వాళ్లు మా బల్ల ఎదురుగా, అరగంటకోసారి. ‘2’, ఆపై వాళ్లు గోడవారన, గంటకోసారి.

పద్ధతి బాగా నడిచింది. సూపరింటెండెంట్ గారు మీటింగులో నన్ను నిలబెట్టి మరీ మెచ్చుకున్నారు. కాగితం మీద మాత్రం ఎక్కడా ఎక్కలేదు. నోటిమాట, సుద్దముక్క, అంతే.

గోడవార మంచాల నుంచి ఎవరైనా మరీ గొంతెత్తితే నా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. “రెండోదేగా, నీకు తెలియందా? అరవకు. అరిస్తే బలం పోతుంది.” చాలామంది సిగ్గుపడి ఊరుకునేవారు. అది నా హస్తవాసి అనుకునేదాన్ని.

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మనిషి నెమ్మది, మాట పొదుపు. ఒక ఆదివారం గోళ్ల సందుల్లోంచి గ్రీజు తీసుకుంటూ, “నువ్వు పనిచేసే చోటే ఎందుకు? ఇంకో ఆసుపత్రి చూద్దామా?” అన్నాడు.

“మీరు బాగుచేసిన లిఫ్టు మీరు ఎక్కరా?”

“ఎక్కుతాను. కానీ నేను లోపలున్నప్పుడు పైన మోటారు దగ్గర ఉండేది ఇంకొకడు.”

“ఆ ఇంకొకళ్లని తయారుచేసింది నేనే. నేను నేర్పిన పిల్లల దగ్గర కాకపోతే ఇంకెవరి దగ్గర కంటాను?”

అత్తయ్య వంటింట్లోంచి తల బయటపెట్టింది. “వాడి మాటలకేం గానీ, మొదటిదాన్ని కనడానికి మమ్మల్నందరినీ రెండు రోజులు వరండాలో నిలబెట్టావమ్మా. ఈసారి తుమ్మినంతసేపట్లో అయిపోవాలి.”

“తుమ్మితే పుడుతుందా నానమ్మా?” అంది మా ఏడేళ్లది.

“మీ నాన్న అలాగే పుట్టాడు. ఆ ముక్కు చూడు, తెలియట్లా?”

ఆ ఇంట్లో అంతగా నవ్వుకున్న రోజు మళ్లీ రాలేదు. అప్పుడది తెలియదు కాబట్టి, నవ్వు కాస్త ఎక్కువైందని కడుపు పట్టుకుని విసుక్కున్నాను కూడా.

వార్డులోనూ అదే ధీమా. “రేపు నేను వస్తాను కదా, ఆ గోడవారన పడుకుని కిక్కురుమనకుండా కని చూపిస్తాను. చూసి నేర్చుకోండి” అన్నాను అందరి ముందూ.

“హెడ్మాస్టరు అరిచినరోజు బడికి సెలవివ్వాలి” అంది ఆయా. అని, నాలిక కరుచుకుంది. నేను నవ్వేశాను.

నొప్పులు మొదలైంది తెల్లవారుజామున. ఎనిమిదింటికి నా కాళ్ల మీద నేనే నడుచుకుంటూ వార్డులోకి వెళ్లాను. మగవాళ్లని లోపలికి రానివ్వం. మా ఆయన సంచి ఆయా చేతికిచ్చి మెట్ల దగ్గర ఆగిపోయాడు.

కొత్తమ్మాయి ఎదురొచ్చింది. “బల్ల ముందు మంచం ఖాళీగా ఉంది సిస్టర్. అక్కడ పడుకోండి.”

“అది తొలి కాన్పు వాళ్లది.”

“మీరు కదా. నేను అరగంటకోసారి చూస్తాను.”

“నాకేమైనా కొమ్ములున్నాయా? అంకె అంకే.”

గోడవార మంచం దగ్గరికి వెళ్లి, సుద్దముక్క అడిగి, పలక మీద నేనే ‘2’ వేశాను. కొంచెం వంకరగా వచ్చింది. తుడిచి మళ్లీ వేశాను.

తొమ్మిదింటికి కొత్తమ్మాయి వచ్చింది. చేతులు కడుక్కుని, కడుపు మీద గొట్టం ఆనించి, గడియారం చూస్తూ బిడ్డ గుండె లెక్కపెట్టింది. “బాగుంది సిస్టర్” అంది. బాగానే ఉంది, నాకూ తెలుస్తోంది. ఇంకో సిస్టర్ ఆపరేషన్ గదిలో ఉంది. బల్ల ముందు మంచంలో పద్దెనిమిదేళ్ల పిల్లొకతె “అమ్మా, నేను చచ్చిపోతున్నా” అని వార్డు ఎగిరిపోయేలా అరుస్తోంది. కొత్తమ్మాయి ఆ పిల్ల దగ్గరికి పరుగెత్తింది.

నొప్పి వస్తుంది, పోతుంది. పోయినప్పుడల్లా కడుపు మెత్తబడాలి. నర్సులకి చెప్పే మొదటి పాఠాల్లో అదొకటి. తొమ్మిదీ ఇరవైకి నొప్పి వచ్చింది. పోలేదు. చెయ్యి వేసి చూసుకున్నాను. కడుపు చెక్కలా బిగుసుకుని ఉంది.

అదేమిటో నాకు తెలుసు. లోపల మాయ విడిపోతే కడుపు అలా అవుతుంది. బిడ్డకి ఊపిరి అందేది ఆ మాయ నుంచే. బయటికి చుక్క రక్తం కనిపించకపోయినా లోపల అంతా అయిపోతూ ఉండొచ్చు. ఇదే మాట ఏడాదికి ఇద్దరు ముగ్గురు పిల్లల చేత అప్పజెప్పించుకునేదాన్ని.

కొత్తమ్మాయి నాకు పన్నెండడుగుల దూరంలో ఉంది. వీపు నా వైపు. ఒక్క కేక చాలు.

భయంవల్ల అలా అనిపిస్తోందేమో అనుకున్నాను. అందరికీ అదేగా చెప్పేది! ఇప్పుడు పిలిచి, ఏమీ లేదని తేలితే? హెడ్మాస్టరు కూడా మామూలు ఆడదే అని సాయంత్రానికి మూడు షిఫ్టులకీ తెలిసిపోతుంది. ఇంకొక్క నిమిషం చూద్దాం అనుకున్నాను. ఆ నిమిషం అయ్యాక ఇంకొకటి. ఆయా బకెట్టుతో అటుగా వెళ్తూ ఆగింది.

“ఏం సిస్టరమ్మా, బడికి సెలవిప్పిస్తారా, లేదా?”

నవ్వాను. లేదన్నట్టు తల ఊపాను. ఆయా వెళ్లిపోయింది.

తొమ్మిదీ ముప్పై అయిదుకి లోపల బిడ్డ ఒక్కసారి గట్టిగా కొట్టుకున్నాడు. ఆ తర్వాత కదల్లేదు. తొమ్మిదీ యాభైకి నోరు తెరిచాను, కానీ అప్పటికి గొంతులో గాలి తప్ప ఏమీ లేదు. దుప్పటి అంచు నోట్లో ఉందని అప్పుడే తెలిసింది. ఎదురుగా ఆ పిల్ల అరుస్తూనే ఉంది. గడియారం పెద్ద ముల్లు నా కళ్ల ముందు ఒక్కొక్క గీతే ఎక్కుతోంది.

సరిగ్గా పదింటికి కొత్తమ్మాయి వచ్చింది. ఒక్క నిమిషం ముందు కాదు, వెనక కాదు. గొట్టం ఆనించింది. జరిపి ఇంకోచోట ఆనించింది. ఇంకోచోట. ఆమె ముఖం చూస్తున్నాను నేను. కడుపు మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి చురుక్కుమన్నట్టు వెనక్కి తీసుకుంది.

“సిస్టర్, ఇలా ఎప్పటినుంచి ఉంది?”

“ఇప్పుడే” అన్నాను.

పదీ ఇరవై ఆరుకి కోసి తీశారు. మగపిల్లాడు. ఏడవలేదు.

వాడిని గాజుపెట్టెలో పెట్టి ముక్కుకి గొట్టాలు వేశారు. రెండోరోజు ఫిట్స్ వచ్చాయి. మా ఆయన ఆ గది అద్దం ముందు నిలబడినవాడు నిలబడినట్టే ఉండేవాడు. అత్తయ్య బలవంతం చేస్తే మెట్ల మీద కూర్చుని నాలుగు ముద్దలు తిని మళ్లీ వచ్చేవాడు. మూడోరోజున మొదటిసారి ఆయన గొంతు పెరగడం విన్నాను. కొత్తమ్మాయిని మెట్ల మీద ఆపాడు.

“గంటసేపు నా పెళ్లాం వైపు చూడలేదంట కదా నువ్వు?”

“నేను తొమ్మిదింటికి...”

“నీకూ పిల్లలుంటే తెలిసేది!”

నా మంచం దాకా వినిపించింది. ఆ సాయంత్రమే ఆయన ఫిర్యాదు రాసిచ్చాడు.

ఆయన రాయక రాయక రాసిన కాగితం. నాలుగు వాక్యాలు. నాకు చదివి వినిపించి, “తప్పులుంటే చెప్పు” అన్నాడు. స్పెల్లింగు సంగతి అడుగుతున్నాడు పాపం. “ఏం లేవు” అన్నాను.

విచారణకి ముగ్గురు కూర్చున్నారు. సూపరింటెండెంట్ గారు, బయటినుంచి వచ్చిన ఒక డాక్టరు, రాసుకోవడానికి ఆఫీసు గుమాస్తా. కొత్తమ్మాయినీ, వార్డులో మిగతా ఆరుగురినీ ఒక్కొక్కరినే పిలిచారు. సాయంత్రం ఆయా, రెండో షిఫ్టు సిస్టర్ కలిసి నా దగ్గరికి వచ్చారు. ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి.

“మీరేం బెంగపెట్టుకోకండి సిస్టర్. అలాంటి పద్ధతే లేదని మేమంతా ఒకే మాట మీద ఉన్నాం” అంది రెండో షిఫ్టు సిస్టర్, గొంతు తగ్గించి. “ఆ అమ్మాయి ఏమందో తెలుసా? గంటకోసారి చాలని మీరే చెప్పారట. తన పుస్తకంలో రాసుకుందట. చూపించింది కూడా. అది ఎప్పుడైనా రాసుకోవచ్చుగా అన్నాను నేను.”

“మరి పలకలు?”

“తడిగుడ్డ పెట్టి తుడిచి స్టోరులో పడేశాను” అంది ఆయా. “మీ పేరు రానిస్తామా సిస్టరమ్మా? ఇంత దెబ్బ తిన్న మనిషి మీద ఆ మాట కూడా పడనిస్తామా?”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మీద ప్రేమతోనే. ఆరుగురూ నా మీద ప్రేమతోనే అబద్ధం ఆడారు.

చెప్పడానికి అదే సమయం. ఇద్దరే ఉన్నారు, కావలసినవాళ్లు, తలుపు వేసి ఉంది.

“టీ ఏమైనా తెచ్చారా?” అన్నాను.

మర్నాడు ఆ ముగ్గురూ నా మంచం దగ్గరికే వచ్చారు. బయటి డాక్టరు కుర్చీ లాక్కుని, చాలా మర్యాదగా అడిగాడు. “ఒక్కటే ప్రశ్నమ్మా. రెండో కాన్పు వాళ్లని గంటకోసారి చూస్తే చాలని ఈ వార్డులో నియమం ఏదైనా ఉందా?”

“కాగితం మీద అలాంటిదేమీ లేదు సార్.”

గుమాస్తా ‘లేదు’ అన్న ఒక్క మాటే రాసుకున్నాడు. సూపరింటెండెంట్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను కిటికీ వైపు తిరిగి పడుకున్నాను.

ఇరవై మూడోరోజున వాడిని ఇంటికి తెచ్చుకున్నాం. సన్నగా, తెల్లగా, ఎంత కదిపినా మూలగడం తప్ప ఏడవని బిడ్డ. పాలు తాగుతూ తాగుతూ మర్చిపోయేవాడు. కుడి పిడికిలి ముడుచుకునే ఉండేది. “పెరిగితే గానీ ఏదీ చెప్పలేం” అన్నారు పిల్లల డాక్టరు. అది మేం జనానికి ఎప్పుడు చెప్తామో నాకు తెలుసు.

అత్తయ్య నన్ను కంటికి రెప్పలా చూసుకుంది. మంచం దిగనిచ్చేది కాదు. తల దువ్వేది. నేను నిద్రపోయాననుకుని, పక్కింటావిడతో “నా కోడలు ఎంతమందికి పురుడు పోసిందో లెక్కలేదమ్మా. దానికే ఇలా చేశారు చూడు, ఆ చేతకాని పిల్లని పెట్టి” అనేది. మా పెద్దది తమ్ముడి పిడికిలి విప్పడానికి ప్రయత్నించి, “అమ్మా, వీడు లోపల ఏదో దాచుకున్నాడు” అనేది.

ఆ వారమే ఒకరోజు మా ఆయన పనినుంచి తొందరగా వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా మంచం పక్కన కూర్చున్నాడు.

“తీసేశారు దాన్ని. ఆ పిల్లని. ఇంక ఏ ఆసుపత్రిలోనూ తీసుకోరంట. ఇవాళ కాగితం ఇచ్చారు.”

నేను బిడ్డ మీద గుడ్డ సర్దాను.

“పోయింది తిరిగిరాదనుకో. కానీ కాస్త ఊపిరాడుతోంది” అన్నాడు. అని, అలాగే గోడకి ఆనుకుని, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఇరవై అయిదు రోజుల్లో అలా నిద్రపోవడం అదే మొదటిసారి. ఆ ముఖం చూస్తూ కూర్చున్నాను. ద్వేషించడానికి ఒక మనిషి దొరికితే ఎంత హాయిగా ఉంటుందో ఆ ముఖంలో కనిపించింది.

మర్నాడు పొద్దున్నే కుట్లు చూపించుకోవాలని చెప్పి ఆసుపత్రికి వెళ్లాను. సూపరింటెండెంట్ గారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. కూర్చోబెట్టారు.

“సార్, ఆ గంటకోసారి పద్ధతి నాది. మీకూ తెలుసు.”

“నాకేం తెలుసు?”

“మీటింగులో నిలబెట్టి మెచ్చుకున్నారు.”

“నేను మెచ్చుకుంది మీ క్రమశిక్షణని.”

“ఆ అమ్మాయి తప్పేమీ లేదు. నేను చెప్పినట్టే చేసింది. ఇంకో సంగతి. నాకు తొమ్మిదీ ఇరవైకే తెలిసింది. నేను పిలవలేదు.”

ఆయన లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. కుర్చీలో కూర్చోకుండా బల్ల అంచున ఆనుకుని నిలబడ్డారు.

“చూడండి సిస్టర్. ఫైలు నిన్న మూసేశాను. ఇవాళ మీరు చెప్పింది రాసుకుంటే ముందు మీరు పోతారు. తర్వాత లేదని చెప్పిన ఆరుగురూ పోతారు. రేపట్నుంచి వార్డుకి తాళం. అక్కడ కనాల్సినవాళ్లు ఎక్కడికి పోవాలి?”

“ఆ అమ్మాయి?”

“చిన్న వయసు. ఇంకేదో చేసుకుని బతుకుతుంది.” నా ముందుకి గ్లాసు జరిపారు. “బిడ్డ అలా ఉన్న తల్లి, బాధలో ఏదో మాట్లాడింది. నేనేమీ వినలేదు. మంచినీళ్లు తాగండి.”

తాగాను. అదే నాకు ఇప్పటికీ సిగ్గు. దాహంగా ఉంది, తాగాను.

వెళ్లేదారిలో వార్డు గుమ్మం దగ్గర ఆగాను. పలకలు మళ్లీ వేలాడుతున్నాయి. బల్ల ముందు ‘1’లు, గోడవారన ‘2’లు. నా చేతిరాత కాదు, అంతే తేడా. రెండో షిఫ్టు సిస్టర్ నన్ను చూసి గతుక్కుమంది.

“ఏం చేస్తాం సిస్టర్! ఇంకో మనిషిని ఇస్తారేమో అనుకున్నాం. ఉన్న మనిషిని తీసేశారు.”

కొత్తమ్మాయి ఉండేది బస్టాండు వెనక ఆడవాళ్ల హాస్టల్లో, మూడో అంతస్తులో. కుట్లు లాగుతుంటే మెట్టుకోసారి ఆగుతూ ఎక్కాను. తలుపు తీసి ఉంది. ఇనప మంచం మీద పెట్టె, పెట్టెలో మడతపెట్టిన తెల్లబట్టలు. నన్ను చూడగానే లేచి నిలబడింది. ఎదురుగా పెద్ద సిస్టర్ వస్తే నిలబడాలని నేర్పింది నేనే.

“మా అక్క వాళ్ల ఊరెళ్తున్నాను సిస్టర్. బట్టలకొట్లో చూసిపెట్టింది.” మామూలుగా చెప్పింది. ఆ తర్వాత, “బాబు ఎలా ఉన్నాడు?” అంది.

ఆమె అది అడగకుండా ఉంటే బాగుండేది.

సూపరింటెండెంట్ గారికి చెప్పిందంతా ఆమెకీ చెప్పాను. ఆయన ఏమన్నారో అదీ చెప్పాను. మధ్యలో ఆపకుండా వింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

“తొమ్మిదింటికి నేను విన్నప్పుడు గుండె బాగానే ఉందా?”

“ఉంది.”

“నేను సరిగ్గానే విన్నానా?”

“సరిగ్గానే విన్నావు.”

మంచం మీద కూర్చుంది. “ఇరవై అయిదు రోజులనుంచి అదే ఆలోచిస్తున్నాను సిస్టర్. లెక్క తప్పానేమో, వేరే శబ్దం విన్నానేమో అని. పడుకుంటే చెవిలో అదే.” పెట్టెలో బట్టలు సర్దుతూ అంది, “ఆ పిల్ల దగ్గర ఉన్నప్పుడు మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. మీరు నోట్లో దుప్పటి పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నారు. ఎంత ధైర్యమో, అలా ఉండాలి అనుకున్నాను.”



“క్షమించమని అడగడానికి వచ్చాను” అన్నాను చివరికి.

“అది నాకేం పనికొస్తుంది సిస్టర్? కాగితం మారదు కదా.” పెట్టె మూత వేసింది. సరిగ్గా పడలేదు. మోకాలు ఆనించి నొక్కింది. “ఒక్క పని చేస్తారా?”

“చెప్పు.”

“మీ ఆయనకి చెప్పండి. నీకూ పిల్లలుంటే తెలిసేది అన్నారు నన్ను. మెట్ల మీద, అందరి ముందూ. వార్డులో ఎవరేమనుకున్నా ఫర్వాలేదు. ఆయనొక్కడికి తెలిస్తే చాలు.”

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. మా ఆయన ఆ రోజు పనికి వెళ్లలేదు. కింద చాప వేసుకుని, వాడిని ఒళ్లో పడుకోబెట్టుకుని, ఆసుపత్రిలో నేర్పినట్టు కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే సాగదీస్తున్నాడు. ఎంత బిగుసుకున్న నట్టునైనా మర పాడవకుండా విప్పే చేతులు. అంత జాగ్రత్తగానూ విప్పుతున్నాడు. పెద్దది పక్కన కూర్చుని లెక్కపెడుతోంది.

“నువ్వు నానమ్మ దగ్గరికి వెళ్లు” అన్నాను దాన్ని.

చెప్పాను. నిలబడే చెప్పాను. గంటకోసారి అన్నది ఎవరి మాటో, పలక మీద అంకె ఎవరు వేశారో, విచారణలో ఎవరు ఏమన్నారో, నేనేమన్నానో. ఆయన వేళ్లు సాగదీయడం ఆపలేదు. నాలుగోవేలు దగ్గర ఉండగా అడిగాడు.

“నీకు ఎప్పుడు తెలిసింది?”

“తొమ్మిదీ ఇరవైకి.”

“ఆ పిల్ల ఎప్పుడొచ్చింది?”

“పదింటికి.”

“నలభై నిమిషాలు” అన్నాడు. ఆ మాట తనకి తనే చెప్పుకున్నట్టు ఉంది. “కింద మెట్ల మీద నేనున్నాను. నువ్వు అరిస్తే నాకు వినిపించేది.”

“తెలుసు.”

“ఎందుకు పిలవలేదు?”

ఎన్నో చెప్పొచ్చు. భయంవల్ల అలా అనిపిస్తోందనుకున్నానని, ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల దగ్గరనుంచి నర్సుని లాగడం ఇష్టంలేకపోయిందని. అవీ అబద్ధాలేం కావు.

“సిగ్గేసింది” అన్నాను.

ఆయన తల ఎత్తి నావైపు చూశాడు. అరుస్తాడని ఎదురుచూశాను. ఆ నెమ్మది మనిషికి ఎలా అరవాలో తెలియలేదో, ఒళ్లో బిడ్డ ఉన్నాడని ఆగాడో. అయిదోవేలు కూడా పూర్తిచేసి, వాడిని భుజాన వేసుకుని, లేచి బయటికి వెళ్లాడు.

వంటింటి గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో.

“ఇది వాడికి చెప్పకుండా ఉండాల్సింది” అంది. అది కోపమో జాలో నాకు అర్థం కాలేదు. ఆ రోజునుంచి నా తల దువ్వడం మానేసింది.

మర్నాడు మా ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని ఆసుపత్రికి వెళ్లాడు. ఫైలు మూసేశామని చెప్పి పంపించేశారు. హాస్టలుకి వెళ్లాడు. ఆమె పొద్దున బస్సుకే వెళ్లిపోయింది, ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, బిడ్డ పడుకునే తొట్టిని మంచానికి నావైపు నుంచి తనవైపుకి జరుపుకున్నాడు. నన్నొక్క మాట అనలేదు. ఇప్పటికీ అనలేదు. నేను అడిగినదానికి జవాబిస్తాడు, నేను పెట్టింది తింటాడు, పెద్దదాని పుస్తకాలకి అట్టలు వేస్తాడు. ఇల్లు ఎక్కడా చప్పుడు లేకుండా నడుస్తుంది.

వేసవి చివరి వారంలో ఒక పొద్దున నేను మళ్లీ డ్యూటీకి వెళ్లడానికి తయారవుతున్నాను. తొట్టిలో మూలుగు వినిపించింది. అది పెరిగింది. పెరిగి, ఒక్కసారిగా పగిలింది. పుట్టినప్పుడు రావాల్సిన ఏడుపు, అరవై రెండోరోజున వచ్చింది. పెద్దది పలక కూడా పక్కన పడేసి పరుగెత్తుకొచ్చింది. అత్తయ్య చేతిలో పిండి ఉండగానే వచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయి, కాళ్లు తన్నుకుంటూ, గుక్కపట్టి ఏడుస్తున్నాడు వాడు.

మా ఆయన వాడిని ఎత్తుకున్నాడు. నేను దగ్గరికి వెళ్లి రెండు చేతులూ చాపాను.

“ఇటివ్వండి, ఊరుకోబెడతాను.”

ఇవ్వలేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

“ఎందుకు ఊరుకోబెట్టడం?” అన్నాడు వాడివైపే చూస్తూ. “అరవనీ. వీడికైనా అరవడం రానీ.”